పాత రైల్వే జేబు గడియారం కొనే ముందు ఏం చూడాలి

జేబు గడియారాలు సేకరించాలనుకునేవారి చూపు మొదట బంగారు కేసు మీదకే పోతుంది. అయితే 2014లో జెనీవా వేలంలో స్విట్జర్లాండ్‌కు చెందిన పటేక్ ఫిలిప్ సంస్థ హెన్రీ గ్రేవ్స్ అనే అమెరికా ధనికుడి కోసం చేసిన గడియారానికి సుమారు 2.4 కోట్ల డాలర్లు పలికినప్పుడు, ఆ విలువ ప్రధానంగా 24 ప్రత్యేక ఏర్పాట్లున్న లోపలి యంత్రానిదే. అంత సొమ్ము పెట్టలేనివారికి కూడా అటువంటి పనితనం అందే చోటు ఒకటుంది: అమెరికా రైల్వే ఉద్యోగుల కోసం తయారైన గడియారాలు.

1891లో ఒహాయోలోని కిప్టన్ వద్ద రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక ఉద్యోగి గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే అందుకు కారణమని చెబుతారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే క్లీవ్‌లాండ్ నగల వర్తకుడి పర్యవేక్షణలో తనిఖీలు మొదలై, క్రమంగా కఠిన నియమాలు స్థిరపడ్డాయి: డయల్ మీద మూత ఉండకూడదు, ఇరుసులు అరగకుండా యంత్రంలో అమర్చే కెంపు రాళ్ళు కనీసం 17 ఉండాలి, ఐదు భంగిమల్లో ఉంచి నడకను సరిచూసి ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. అమెరికా సంస్థ హ్యామిల్టన్ చేసిన 21 రాళ్ళ 992 మోడల్ మొదటి కొనుగోలుకు నాకు అన్నిటికంటే నచ్చిన ఎంపిక.

కొనే ముందు వెనుక మూత తీసి చూపించమని తప్పకుండా అడగండి. యంత్రం మీది వరుస సంఖ్యను బట్టి తయారైన కాలం తెలుస్తుంది. కేసు మీది సంఖ్య వేరుగా ఉంటే కంగారు పడనవసరం లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో యంత్రాన్నీ కేసునూ విడివిడిగా కొని దుకాణంలోనే జత చేసేవారు. కానీ కేసు అంచున స్క్రూలు బిగించిన గుర్తులు రెండు జతలు కనిపిస్తే, యంత్రాన్ని తర్వాతెప్పుడో మార్చారని అనుమానించాలి. లోపల ‘20 సంవత్సరాల గ్యారంటీ’ అని చెక్కి ఉంటే అది పూర్తి బంగారం కాదు, ఇత్తడి మీద పరచిన బంగారు రేకు.

కొద్దిగా కీ ఇచ్చి, డయల్ పైకీ కిందికీ నిలువుగానూ పట్టుకుని చూడండి. గడియారం వేగాన్ని నడిపే, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఊగకుండా ఆగినా, వంకరగా తిరిగినా, దాని సన్నని ఇరుసు దెబ్బతిని ఉండవచ్చు. ఎనామెల్ డయల్ మీద వెంట్రుక వంటి బీట ఉన్నంతమాత్రాన మంచి యంత్రాన్ని వదులుకోవద్దు.

ముళ్ళు సరిచేసే పద్ధతి తెలియక పాడుచేసుకునేవారు చాలామంది. ఈ గడియారాల్లో ఎక్కువ వాటికి కీ బిరడాను (కీ ఇచ్చేందుకు పైన ఉండే గుండ్రటి పిడిని) పైకి లాగి ముళ్ళు తిప్పకూడదు. ముందు అద్దపు చట్రం విప్పి, ఒకటి, రెండు అంకెల దగ్గరున్న చిన్న మీటను గోటితో మెల్లగా బయటికి లాగి, బిరడా తిప్పి, తర్వాత మీటను లోపలికి నెట్టాలి. కీ ఇచ్చేటప్పుడు పొరపాటున సమయం మారకూడదనే రైల్వేవారు ఈ ఏర్పాటు కోరారు.

చివరిసారి నూనె వేసింది ఎప్పుడో అమ్మేవారు చెప్పలేకపోతే, గడియారాన్ని రోజూ నడపకండి. ఎండిన నూనెతో ఇరుసులు అరిగిపోతాయి. పాత ఇరుసు మార్చగల నిపుణుడిని కొనే ముందే వెతికి పెట్టుకోండి. శుభ్రం చేయించాక వారం పాటు ప్రతి ఉదయం ఒకే వేళకు కీ ఇచ్చి, ఫోన్ సమయంతో వచ్చే తేడాను ఒక పుస్తకంలో రాయండి. మరమ్మతు చేసినవారికి ఆ పట్టికే చూపించండి.