గంజాంలో దండనాట చూడాలంటే ఎలా?

ఒడిశాలో గంజాం జిల్లాలోని బరంపురం వచ్చే మన తెలుగువాళ్ళు చాలామంది గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్ళి, రాత్రి హోటల్లో పావుగంట డాన్సు చూసి, ఇక్కడి ఆటపాటలు చూసేశామనుకుని రైలెక్కేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. గంజాంలో అసలైన ఆట దండనాట. వ్రతం పట్టిన భోక్తలు పగలు ఒంటిని కష్టపెట్టుకుంటారు, రాత్రి వేషాలతో ఆట నడుస్తుంది. అది టూరిస్టుల కోసం ఆడేది కాదు. ఎవరో మొక్కుకుని, ఆ మొక్కు తీర్చుకోవడానికి దండ జట్టును తమ ఊరికి పిలుస్తారు. మీరు ఆ ఇంటికి చుట్టాల్లా వెళ్ళాలి.

ముందు తేదీలు. దండనాట చైత్రంలో అంటారు కదా అని, మన ఉగాది లెక్కన చైత్రం ఎప్పుడో చూసి టికెట్లు కొనకండి. ఇక్కడ లెక్క మేష సంక్రాంతితో. ఏప్రిల్ 14 ప్రాంతంలో దండ ముగుస్తుంది. జట్టును బట్టి అంతకుముందు 13, 18 లేదా 21 రోజులు నడుస్తుంది. ఏప్రిల్ మొదటివారంలో రండి. మంగళవారం ప్రయాణం పెట్టుకోకండి, చైత్రం మంగళవారాల్లో తారాతారిణి అమ్మవార్ల కొండకు జనం పోటెత్తుతారు, బస్సుల్లో చోటుండదు.

తువ్వాలు, నీళ్ళ సీసా, చాప, టార్చి, చిల్లర చాలు. బరంపురంలో దిగి హింజిలి, ఆస్కా వైపు బస్సెక్కండి. కారు వద్దు. కారులో వచ్చినవాళ్ళకి కుర్చీ వేసి ముందు కూర్చోబెడతారు, అక్కడి నుంచి ఆట కనిపిస్తుందిగానీ ఊరు కనిపించదు.

అందరూ తప్పుచేసేది దీని తర్వాతే. జట్టు రోజుకో ఊళ్ళో ఉంటుంది. ఏ రోజు ఎక్కడో మీకు ఏ పోస్టరూ చెప్పదు. బస్టాండులో ఎవరినో అడిగి, నిన్న ఆట అయిపోయిన ఊరికి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళని ఎంతమందిని చూశానో! పద్ధతి ఇదీ: ఈరోజు జట్టు దిగిన ఊరు పట్టుకోండి, అక్కడ పిలిచిన ఇంటి పెద్దని అడగండి. రేపు ఎవరింట్లోనో ఆయనకు తెలుస్తుంది. ‘ఆసంతా కాలి దండ కేఉఁఠి?’ అంటే చాలు. ఒడియా రాకపోతే బట్టల కొట్లో అడగండి, తెలుగు వచ్చినవాళ్ళు దొరుకుతారు. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లానే కదా.

రేపటి ఊరికి పొద్దున్నే చేరుకోండి, సాయంత్రం కాదు. సాయంత్రం వచ్చేవాళ్ళకి వేషాలే దొరుకుతాయి. మధ్యాహ్నం మండే దుమ్ములో భోక్తలు చేసే ధూళి దండ చూడకుండా పోతుంది. దుక్కి దున్నడం, విత్తడం, కోయడం అన్నీ ఆ వేడి నేల మీద ఒళ్ళు దొర్లిస్తూ చేసి చూపిస్తారు. తర్వాత చెరువులో పాణి దండ, అంటే నీళ్ళలో చేసేది.

ఇక్కడ చాలా జాగ్రత్త. భోక్తలు వ్రతంలో ఉంటారు, ఇల్లు వదిలి వచ్చి రోజుకు ఒక్కపూటే తింటారు. వాళ్ళని తాకకండి, దారికి అడ్డం నిలబడకండి. సెల్ఫీ కోసం భుజం మీద చెయ్యి వేస్తే వ్రతం చెడగొట్టినట్టే. అన్నిటికంటే ముఖ్యం వాళ్ళ భోజనం వేళ. తింటుండగా మనిషి గొంతు వినపడితే అక్కడితో ఆపేసి లేచిపోతారు, అందుకే అప్పుడు డోలు గట్టిగా వాయిస్తారు. డోలు మోగింది కదా అని ఆట మొదలైందనుకుని పిల్లలతో గోల చేస్తూ పరుగెత్తకండి. దూరంగా, నోరు మూసుకుని ఉండండి. ఫోన్ కూడా ఆపేయండి.

రాత్రి అగ్ని దండ, ఆ తర్వాత వేషాలు. ప్రభ, శవరులు, పిట్టలు పట్టే చఢెయా దంపతులు ఒకరి వెనక ఒకరు వస్తారు, తెల్లారేదాకా పాట, మాట, నవ్వు. ‘కాళ రుద్రమణి హో జయ’ అని అందరూ అరిచినప్పుడు మీరూ అనండి. ఫెస్టివల్ స్టేజీల మీద ఇదే ఆటని ఇరవై నిమిషాలకు కుదిస్తారు. వేషాలన్నీ ఉంటాయి, పిలిచిన ఇల్లు ఉండదు, అందుకే నాకది చప్పగా ఉంటుంది. మధ్యలో నిద్రొస్తే చాప మీదే పడుకోండి, లేచి వెళ్ళిపోకండి.

డబ్బివ్వాలనిపిస్తే భోక్త చేతికి కాదు, దేవుడి ముందు పెట్టండి. ఇంటి పెద్దకు చెప్పి మొదటి బస్సెక్కండి.