అద్దె కోసం ఫ్లాట్ కొంటున్నారా, ముందు లిఫ్ట్‌లో బటన్లు లెక్కెట్టండి

బెజవాడలో చేతిలో నాలుగు డబ్బులు ఆడితే చాలు పెద్దాళ్లు చెప్పేది ఒకటే, ఒక ఫ్లాట్ కొని అద్దెకి పడేయరా అని. కొనండి, వద్దనట్లేదు. కానీ "ఈసీ క్లీన్ అండీ" అని (ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం) బ్రోకర్ అనగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి, నేను అలాగే ఇవ్వబోయాను.

పోయినేడు పటమట వైపు ఒకటి చూశా, ఐదో ఫ్లోరు, గాలీ వెలుతురూ బ్రహ్మాండం, అద్దెకి ఆల్రెడీ మనుషులున్నారు, ఈసీలో తనఖా లేదు, ఇంటిపన్ను రసీదు కూడా చూపించారు. ప్లాన్ కాపీ అడిగితే మాత్రం మూడ్రోజులు తిప్పి వాట్సాప్‌లో పంపారు. జూమ్ చేసి చూస్తే స్టిల్ట్ ప్లస్ నాలుగు, అంటే కింద పార్కింగ్, పైన నాలుగే ఫ్లోర్లు. మళ్లీ వెళ్లి లిఫ్ట్ ఎక్కి బటన్లు లెక్కెట్టా, స్టిల్ట్ కాక ఐదున్నాయి! అంటే నేను కొనబోయే ఇల్లు కాగితం మీద లేనే లేదు. "పన్ను కడుతున్నాం కదండీ" అంటాడు అమ్మేాయన. పర్మిషన్ లేని కట్టడానికి కూడా కార్పొరేషన్ పన్ను వేస్తుంది, పైన పెనాల్టీ కూడా వేస్తుంది, అదేం పర్మిషన్ అయిపోదు.

కాబట్టి ముందు ప్లాన్ చూడండి, తర్వాత ఓసీ, అదే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ప్లాన్ ప్రకారం కట్టారు ఉండొచ్చు అని ఇచ్చేది. అపార్ట్‌మెంట్ ప్లాన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర 10 శాతం దాకా బిల్టప్ ఏరియా తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే వదుల్తారు. మీ ఫ్లాట్ ఆ తనఖాలోది కాదని కాగితం చూసి తేల్చుకోండి, బిల్డర్ నోటిమాట వద్దు. పోరంకి, కానూరు లాంటి చోట్ల పాత పంచాయతీ అప్రూవల్ అంటే ఇంకాస్త గట్టిగా అడగండి.

ఈసీ కూడా కావాలి, 30 ఏళ్లకి తీయండి, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. కాకపోతే అందులో వచ్చేది రిజిస్టర్ అయినవే. డాక్యుమెంట్లు ఊరికే బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు, రిజిస్టర్ చెయ్యని అగ్రిమెంటు, నడుస్తున్న కోర్టు కేసు అందులో కనపడాలని లేదు. అందుకే లింక్ డాక్యుమెంట్లతో (ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత కాగితాలు) సహా ఒరిజినల్స్ కళ్లతో చూడాలి, ఒరిజినల్స్ ఊళ్లో నాన్నగారి దగ్గరున్నాయి అంటే ఆగండి.

మన గుంటూరు, బెజవాడల్లో ఓనరు అమెరికాలో ఉండి బావమరిది జీపీఏతో, అంటే ఓనరు తన తరఫున అమ్మమని రాసిచ్చిన అధికార పత్రంతో, అమ్మడం మామూలే. అక్కడ రాసిన జీపీఏ ఇండియా వచ్చాక మూడు నెలల్లోపు స్టాంప్ చేయించాలి. ఇచ్చినాయన పోతే జీపీఏ కూడా పోయినట్టే, అందుకే ఒక వీడియో కాల్ అడగండి, మొహమాటపడకండి. అమ్మేవాళ్లు ఇక్కడివాళ్లయితే 50 లక్షలూ ఆ పైన కొంటే 1 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే మనం పట్టుకుని సర్కారుకి కట్టే పన్ను) కడితే సరి, ఎన్నారై అయితే లెక్క వేరు, చాలా ఎక్కువ కోయాలి, ఆడిటర్ని అడక్కుండా చెక్కు రాయకండి.

ఇక అద్దెకిచ్చాక పెద్ద తంటా లేదు. అగ్రిమెంట్ అందరూ 11 నెలలకే రాస్తారు, ఏడాది లోపైతే రిజిస్టర్ చేయించక్కర్లేదనుకుని, కానీ మన ఏపీలో 1999 నుంచి ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. ఏటా కట్టిన ఇంటిపన్ను రసీదులు పారేయకండి, అద్దె ఆదాయంలోంచి ముందు అది తీసేసి మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్లకని మినహాయింపు వస్తుంది, బిల్లులు చూపించక్కర్లేదు. అద్దె నెలకి 50 వేలు దాటితే ఉండేవాళ్లు 2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. మీరే ఎన్నారై అయితే ఈ 50 వేల లిమిట్ లేదు, 30 శాతం పైనే పట్టుకుంటారు.

రిజిస్ట్రేషన్ అయిందని ఊరుకోకుండా ఇంటిపన్ను, కరెంటు మీటరు మీ పేరుకి మార్పించుకోండి. చివరికి నేను గుణదలలో ఓసీ ఉన్నది కొన్నా, పన్ను నా పేరుకి వచ్చేసింది, మీటరు మాత్రం ఇంకా బిల్డర్ పేరునే ఉంది, సోమవారం కరెంటాఫీసుకి వెళ్లాలి.