పడవ డెక్కు మూత చుట్టూ నీరు దిగుతుంటే

ఫైబరు పడవలో డెక్కు మూతను ఎంత బిగించినా, వలలు కడిగిన ప్రతిసారీ లోపలికి నీరు దిగుతుంటే, తప్పు చాలాసార్లు మూతది కాదు, దాని చట్రం కింద ఎండి పగిలిన సీలెంటుది (నీరు దిగకుండా సందుల్లో వేసే జిగురులాంటి పదార్థం). అల్యూమినియం చట్రాన్ని ఊడదీసి, పాత సీలెంటును పూర్తిగా గీకి, అసిటోన్ గుడ్డతో తుడిచి, పడవలకు వాడే పాలీయూరిథేన్ సీలెంటును 6 మిల్లీమీటర్ల లావున, బోల్టు రంధ్రాల చుట్టూ కూడా, ఎక్కడా తెగకుండా వేయాలి. నట్లను మొదట అంచున సీలెంటు సన్నగా ఉబికేవరకే బిగించాలి. ఒక్కసారే గట్టిగా బిగిస్తే అంతా బయటికి వచ్చేస్తుంది (నేను రెండు ట్యూబులు ఇలాగే పాడుచేశాను). 24 గంటల తరువాత బోల్టు తలను కదలకుండా పట్టుకుని, నట్టును మాత్రమే పావు చుట్టు తిప్పితే, ఆరిన సీలెంటు రబ్బరు వాషరులా నొక్కుకుంటుంది. డెక్కు లోపలి ప్లైవుడ్ తడిసి మెత్తబడి ఉంటే మాత్రం ఇది నిలవదు. ముందు ఆ చెక్కను మార్చాలి.