సోడియం తేడాగా వస్తే వెంటనే సోడియం ఎలక్ట్రోడ్ మార్చేయకండి

మాది అమలాపురం దగ్గర చిన్న ల్యాబు. రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను ఒక్కోదాన్నీ ఒక్కో ఎలక్ట్రోడ్‌తో (కొలిచే కడ్డీ) చూసే ఎలక్ట్రోలైట్ మెషిన్ మొరాయించిందంటే ఇంజనీరు రాజమండ్రి నుంచి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఈలోగా వార్డు నుంచి నాలుగు ఫోన్లు. అందుకని ముందు మనమే చూసుకోవాలి.

సోడియం, పొటాషియం కలిసి పైకి, క్లోరైడ్ కిందికి

కాలిబ్రేషన్ (తెలిసిన విలువల ద్రావణాలతో మెషిన్‌ని సరిచూడటం) పాసవుతుంది, కాసేపటికి రీడింగులు ఇలా జారతాయి. మొన్న ఎండాకాలం మా దగ్గర వరుసగా ఐదుగురికి సోడియం 150 దాటింది. వడదెబ్బల రోజులు కదా, నిజమే కాబోలు అనుకున్నాం. క్యూసీ (విలువ ముందే తెలిసిన పరీక్ష శాంపిల్) పెడితే అదీ ఎక్కువే! కంగారులో కొత్త సోడియం ఎలక్ట్రోడ్ వేశాను, డబ్బు దండగ, రీడింగు మాత్రం అంతే.

తప్పు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ది. మిగతా ఎలక్ట్రోడ్ల వోల్టేజీని దానితో పోల్చే కొలుస్తారు కాబట్టి అది కదిలితే అన్నీ కదులుతాయి, క్లోరైడ్‌ది నెగటివ్ ఛార్జి గనుక అది ఎదురు దిక్కుకి పోతుంది. ముందు సోడియమే ఎందుకు కనబడుతుందంటే, ఒక్క మిల్లీవోల్టు తేడాకి విలువ సుమారు 4 శాతం మారుతుంది: 140 ఉన్న సోడియం 5 దాకా జరుగుతుంది, 4 ఉన్న పొటాషియం 0.15 జరిగితే ఎవరు పట్టించుకుంటారు?

రిఫరెన్స్ బయటికి తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. నాకు అడుగున ఆవగింజంత గాలి బుడగ కనిపించింది, పక్కన పిన్ను మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. మన గాలిలో తేమకి ఆ ఉప్పు చెమ్మగిల్లి కరెంటు లీకవుతుంది. తడి టిష్యూతో తుడిచి, బాగా ఆరనిచ్చి, కంపెనీ ఇచ్చిన కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ద్రావణం నింపి, థర్మామీటర్ దులిపినట్టు దులిపితే బుడగ పైకి పోతుంది. అరగంట ఆగి రెండుసార్లు కాలిబ్రేట్ చేయండి.

ఒక్కదాని స్లోప్ మాత్రమే పడిపోవడం

ఇది ఆ ఎలక్ట్రోడ్ సొంత గొడవ. స్లోప్ అంటే గాఢత పది రెట్లు మారితే వోల్టేజీ ఎంత మారుతుందో అది; 37 డిగ్రీల దగ్గర లెక్క ప్రకారం 61.5 మిల్లీవోల్టులు, ఎంతవరకు తగ్గొచ్చో మాన్యువల్లో ఉంటుంది. రోజూ పుస్తకంలో రాసుకుంటే మెల్లగా అరుగుతోందో, ఒక్కసారిగా పడిందో తెలుస్తుంది. మెల్లగా అయితే వయసు. ఒక్కసారిగా అయితే ప్రోటీన్ పొర గానీ, లోపలి ద్రావణంలో బుడగ గానీ. ప్రోటీన్ క్లీనర్ నడపండి. సోడియంది గాజు రకమైతే కండిషనర్ కూడా కావాలి, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, గాజునే కొరుకుతుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. పొటాషియంది మెత్తటి ప్లాస్టిక్ పొర, గోరు తగిలినా పోతుంది. మాన్యువల్లో చెప్పని బ్లీచు మాత్రం పోయకండి, క్లోరైడ్ పొర ముందు పాడవుతుంది.

రీడింగు ఒకచోట నిలవకపోవడం

పంపు ట్యూబు నలిగి చదునైపోయిందా, సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఫైబ్రిన్ దారం, అంటే గడ్డ తాలూకు పోగు, ఇరుక్కుందా, ఓరింగు జారిందా చూడండి. ఏదీ కాకపోతే ఎర్త్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారాకే గంతులేస్తే అనుమానం అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

క్యూసీ బాగుంది, పేషెంటు పొటాషియమే ఎక్కువ

మెషిన్ జోలికి పోకండి, శాంపిల్ చూడండి. లంకల నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటి, సెంట్రిఫ్యూజ్ చేయకుండా (గిర్రున తిప్పి కణాలు వేరుచేయకుండా) ఐసులో పెట్టి తెచ్చిన రక్తంలో పొటాషియం కణాల్లోంచి బయటికొచ్చేస్తుంది. సీరమ్ ఎర్రగా ఉంటే హీమోలైసిస్, అంటే ఎర్రకణాలు పగిలి పొటాషియం బయటపడింది. కాల్షియం కూడా బాగా తక్కువొస్తే పర్పుల్ ట్యూబు రక్తం ఇందులో కలిపారేమో అడగండి (ఆ ట్యూబులోని పొటాషియం ఈడీటీఏ మందు పొటాషియం పెంచి, కాల్షియాన్ని పట్టేసుకుంటుంది), మావాడొకడు రెండుసార్లు చేశాడు.

కొత్త ఎలక్ట్రోడ్ వేసిన రోజు నాలుగైదుసార్లు మిగిలిన సీరమ్ నడిపి అప్పుడు కాలిబ్రేట్ చేయండి. రాత్రిపూట మెషిన్ ఆపొద్దు, స్టాండ్‌బైలో ఉంటే తనంతట తానే కడుక్కుంటుంది. సంక్రాంతికి మూడు రోజులు ఆపేసి వెళ్లి, తిరిగొచ్చి ఎండిపోయిన పొటాషియం ఎలక్ట్రోడ్‌ని చెత్తబుట్టలో వేశాను.