ఇంట్లో చేసిన బీరు పులియడం పూర్తయిందని ఎలా తెలుసుకోవాలి?

ఇడ్లీ పిండి పులిసిందో లేదో గిన్నె మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. బీరు అలా కాదు. పూర్తిగా పులియకముందే సీసాల్లో పోసి మూత బిగిస్తే, మిగిలిన చక్కెరను ఈస్ట్ లోపలే తింటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఒత్తిడికి సీసా పేలి గాజు పెంకులు ఎగురుతాయి. కళ్లు పోయేంత ప్రమాదం ఇది.

ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అనుమతి లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం. అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం సొంత వాడకానికి అనుమతించింది. ఈ వ్యాసం అలా అనుమతి ఉన్నచోట ఉండేవారి కోసమే.

బుడగలను నమ్మకండి. డబ్బా మూత సరిగ్గా బిగియకపోతే, లోపల జోరుగా పులుస్తున్నా, వాయువును బయటికి వదులుతూ గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ కూడా రాదు. పని ముగిశాక గది వేడెక్కితే, కరిగి ఉన్న వాయువు బయటికి వచ్చి బుడగలు మళ్లీ కనిపిస్తాయి. నమ్మదగినది హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను చూపే పరికరం) ఒక్కటే.

1. ఈస్ట్ కలపకముందే గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రవం సాంద్రత ఎంతో చెప్పే అంకె; చక్కెర తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది) కొలిచి రాసిపెట్టుకోండి. ఉదాహరణకు 1.050.

2. ఏల్ (కాస్త వెచ్చటి చోట పులిసే) రకం బీరయితే 18–22 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు రెండు వారాలు కదపకుండా ఉంచండి.

3. క్రిమిరహితం చేసిన గొట్టంతో కొద్దిగా బీరు తీసి, అందులోని వాయువు పోయేలా బాగా కలపండి. హైడ్రోమీటరును ఒకసారి గిర్రున తిప్పి వదలండి. దానికి బుడగలు అంటుకుంటే పైకి తేలి, అంకె ఎక్కువ చూపిస్తుంది. పరికరంపై రాసి ఉన్న ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్నప్పుడే కొలవండి. కొలిచిన బీరును రుచి చూడవచ్చు, తిరిగి డబ్బాలో మాత్రం పోయకండి.

4. మూడు రోజులాగి మళ్లీ కొలవండి. అంకె మారిందంటే ఇంకా పులుస్తోంది.

అంకె మారకపోయినా వెంటనే సంబరపడవద్దు. అది ఉండవలసిన చోట ఉందా అన్నది ముఖ్యం. 1.050తో మొదలైన మామూలు ఏల్ 1.012 దరిదాపుల్లో ఆగాలి. 1.025 దగ్గరే నిలిచిపోయిందంటే ఈస్ట్ మధ్యలో చతికిలబడి ఉండవచ్చు. డబ్బాను రెండు మూడు డిగ్రీలు వెచ్చబరచి, గాలి కలవకుండా మెల్లగా కదిపి, ఇంకో వారం ఆగండి. రుచిలో వెన్న వాసన తగిలితే, అంకె సరిగ్గానే ఉన్నా మరో రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచండి. ఆ వాసనకు కారణమైన డయాసిటైల్‌ను ఈస్టే తినేస్తుంది.

రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి చక్కెరను అంచనా వేసే పరికరం) వాడేవారికి ఒక హెచ్చరిక: ఆల్కహాల్ చేరాక అది చూపే అంకె నేరుగా పనికిరాదు, సవరించుకోవాలి.

అన్నీ కుదిరాక, నురుగు కోసం లీటరుకు 6 గ్రాముల చక్కెర తూచి కలిపి సీసాల్లో నింపండి. ఒక ప్లాస్టిక్ సీసాలో కూడా పోసి ఉంచండి. అది నొక్కితే లొంగనంత గట్టిపడినప్పుడు గాజు సీసాలను ఫ్రిజ్‌లోకి మార్చవచ్చు.