హండ్రెడ్ నైంటీ బల్బు పెట్టించే ముందు: హెడ్‌లైట్ వైరింగ్ జాగ్రత్తలు

కార్తీకం వచ్చేసరికి ఆరు కాకముందే చీకటి పడిపోతుంది. ఆ తర్వాత ధనుర్మాసపు మంచు, దాని వెనకే సంక్రాంతి ప్రయాణాలు. పిల్లాపాపలతో, సామానుతో హైదరాబాదు నుంచి విజయవాడ, రాజమండ్రి వైపు రాత్రిపూట బయలుదేరే కార్లకు లెక్కుండదు. ఈ రోజుల్లోనే ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో ఒక మాట ఎక్కువగా వినిపిస్తుంది: "అన్నా, లైటు సరిపోవట్లేదు, హండ్రెడ్ నైంటీ వెయ్యి." అంటే బ్రైట్‌కి 100, డిమ్‌కి 90 వాట్ల బల్బు. షాపతను పాత బల్బు పీకి కొత్తది పెట్టి ఐదు నిమిషాల్లో పంపేస్తాడు. వైరింగ్ జోలికి పోడు. అడిగితే "ఏం కాదు సార్, అందరూ వేయించుకుంటున్నారు" అంటాడు. బల్బు మార్చి వైరింగ్ వదిలేయడమే అసలు ప్రమాదం.

ఆల్టో, వ్యాగనార్, పాత స్విఫ్ట్, బొలెరో లాంటి బళ్లలో ఉండేది హెచ్4 హాలోజెన్ బల్బు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు: డిమ్‌కి 55 వాట్లు, బ్రైట్‌కి 60 వాట్లు. బజార్లో దొరికే 100/90, 130/100 బల్బులకూ అదే అడుగు, అవే మూడు పిన్నులు. అందుకే పాత హోల్డర్లో నిక్షేపంగా కూర్చుంటాయి. కూర్చుంది కదా అని ఆ బండికి సరిపోయిందనుకోవద్దు. అలాంటి బల్బుల డబ్బా మీద చాలాసార్లు "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేముందు అది చదవండి.

లెక్క చూద్దాం. 12 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది 8.3, 130 వాట్లదైతే 10.8. రెండు లైట్లకూ కలిపి బ్రైట్‌లో 10 ఆంపియర్లు పోయే దారిలో ఇప్పుడు దాదాపు 17, లేదా 22 పోవాలి. వైరులో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. అంటే 100 వాట్ల బల్బుతో అదే వైరు, అదే కప్లరు (బల్బు పిన్నులకు వైర్లను కలిపే ప్లగ్గు) రెండుముప్పావు రెట్లు వేడెక్కుతాయి. 130 వాట్లతో నాలుగున్నర రెట్లు దాటుతుంది. కంపెనీవాళ్లు వైరు మందం, స్విచ్చి సైజు, ఫ్యూజు అన్నీ 60/55 బల్బును లెక్కేసుకుని, కొద్దిపాటి వెసులుబాటుతో పెడతారు. ఆ వెసులుబాటు కొత్త బండికి. పదేళ్లు ఎండకూ వానకూ తిరిగిన బండికి అది మిగిలి ఉండదు.

ముందుగా మాడేది బల్బు వెనకుండే కప్లరు. దాన్ని పీకి వెలుతురులో చూడండి. బాగున్న కప్లరులో మూడు రేకులూ మెరుస్తూ బిగుతుగా ఉంటాయి. దెబ్బతిన్నదానిలో ఒక రేకు గోధుమరంగుకు తిరిగి వదులవుతుంది, చుట్టూ ప్లాస్టిక్ బుడగలెత్తినట్టు ఉబ్బుతుంది. ఆ రేకుకు అతికిన వైరు మీది తొడుగు రెండంగుళాల మేర బిరుసెక్కి, వంచితే పెళుసుగా విరుగుతుంది. దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వస్తుంది. ఇదంతా ఒక్క రాత్రిలో జరిగేది కాదు. తుప్పు పట్టిన రేకులో పదో వంతు ఓమ్ అడ్డంకి ఉందనుకుందాం. 5 ఆంపియర్లకు అక్కడ రెండున్నర వాట్ల వేడి పుడుతుంది. 8.3 ఆంపియర్లకు అది 7 వాట్లు. గోరంత రేకు మీద గంటల తరబడి ఏడు వాట్లు నిలిస్తే రేకు వదులవుతుంది, వదులైతే అడ్డంకి పెరుగుతుంది, దాంతో వేడి మళ్లీ పెరుగుతుంది. మామూలు బల్బుతో కూడా మీ కప్లరు ఇలా ఉంటే ఎక్కువ వాట్ల ఆలోచనే పెట్టుకోవద్దు. ముందు దాన్ని మార్పించండి. వేడిని తట్టుకునే సిరామిక్ హోల్డర్లు దొరుకుతాయి. కానీ హోల్డరొక్కటే మారిస్తే వేడి పోదు, వెనకున్న సన్న వైరు మీదికి జరుగుతుంది.

రెండో చోటు స్టీరింగ్ పక్కనుండే కాంబినేషన్ స్విచ్చి. చాలా పాత బళ్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం ఆ స్విచ్చి లోపలి చిన్న కాంటాక్టుల గుండానే పోతుంది, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ఉండదు. డిమ్, బ్రైట్ మార్చిన ప్రతిసారీ అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. కరెంటు పెరిగేకొద్దీ కాంటాక్టులు కాలి, ఒకనాడు బ్రైట్ నుంచి డిమ్‌కి మార్చిన క్షణాన రెండూ ఆరిపోతాయి. ఘాట్ రోడ్డు మలుపులో, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఫ్యూజు గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. పెద్ద బల్బు పెట్టాక 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే, చాలామంది ఎర్రదో నీలందో తీసేసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చుతారు. ఇంకొందరు రాగి తీగ చుడతారు. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఫ్యూజు మోయగలిగినంత కరెంటును వైరు మోయలేకపోతే, షార్ట్ అయినప్పుడు ముందు మాడేది వైరే. ఆ వైరు డాష్‌బోర్డు వెనక, ఇంకో ఇరవై వైర్లతో కలిసి టేపు చుట్టిన కట్టలో ఉంటుంది. పైగా వానాకాలంలో బానెట్ కింద చేరిన ఎలుకలు కొరికిన వైర్లు చాలా బళ్లలో ఇంకా బయటపడకుండానే ఉంటాయి. పెద్ద ఫ్యూజు, ఎలుక కొరుకుడు, ఎక్కువ వాట్లు: ఈ మూడూ కలిశాయంటే కారు తగలబడటానికి ఇంకేమీ అక్కర్లేదు. ఎక్కడ ఏ ఫ్యూజు ఉండాలో ఫ్యూజు బాక్సు మూత లోపలే ముద్రించి ఉంటుంది. ఈ వారమే మూత తీసి సరిచూసుకోండి.

ఇంత రిస్కు చేసినా వెలుగు వస్తుందా అంటే, అదీ అనుకున్నంత రాదు. హాలోజెన్ బల్బుకు అందే వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే వాట్ల గురించి ఆలోచించే ముందు వోల్టేజ్ కొలవండి. మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆన్ చేసి, డిమ్ లైట్లు వేసి, ముందు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. 13.8 వచ్చిందనుకుందాం. ఇప్పుడు బల్బు కప్లరులో గుచ్చి ఉండగానే, వెనక వైపు నుంచి డిమ్ పిన్నుకూ కామన్ పిన్నుకూ మీటరు ముళ్లు తాకించి కొలవండి. కప్లరు పీకి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి ఎప్పుడూ బాగానే చూపిస్తుంది, ఆ రీడింగును నమ్మొద్దు. తేడా అర వోల్టు లోపుంటే మీ వైరింగ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 12.4 వచ్చిందంటే, మీ 55 వాట్ల బల్బు ఇవ్వగలిగిన వెలుగులో మూడో వంతు దాకా దారిలోనే పోతోంది.

అదే వైరింగ్‌లో 90 వాట్ల ఫిలమెంటు పెడితే ఎక్కువ కరెంటు వల్ల ఎక్కువ వోల్టేజ్ దారిలో పోతుంది. బల్బు దగ్గర 11.6 దాకా దిగుతుంది. స్థూలంగా లెక్కగడితే, ఆ నీరసపు 90 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు, నిండు 13.8 వోల్టులు అందిన మామూలు 55 వాట్ల బల్బు వెలుగు కంటే కాస్త తక్కువే. మిగిలిందంతా వైర్లలో వేడి. ఈ లెక్క తెలిశాక నా సలహా మారదు: బల్బు అదే ఉంచి, ముందు రిలే కిట్ వేయించండి. తర్వాత కూడా సరిపోకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. చాలామందికి ఆ అవసరం రాదు. నిండు వోల్టేజ్ అందడం వల్ల బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, అది భరించదగ్గ ఖర్చే.

రిలే కిట్ అంటే, బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరుతో బల్బుకు కరెంటు తెచ్చి, పాత కప్లరును కేవలం రిలేని ఆన్ చేసే సిగ్నల్‌గా వాడుకోవడం. అప్పుడు పాత స్విచ్చి మీద, వైర్ల మీద పడే భారం నామమాత్రమే. వేయించేటప్పుడు దగ్గరుండి ఇవి చూసుకోండి. డిమ్‌కొకటి, బ్రైట్‌కొకటి వేర్వేరు రిలేలు, వేర్వేరు ఫ్యూజులు ఉండాలి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరు బాడీకి రాసుకుంటే ఆపేవాడు లేడు. మెయిన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల అసలైన రాగిది కావాలి. కొన్ని చవక కిట్లలో తొడుగు లావుగా, లోపల తీగ సన్నగా ఉంటుంది, చివర కాస్త గీకించి చూడండి. ఎర్త్ వైరు కూడా అంతే మందంగా, రంగు గీకిన శుభ్రమైన బాడీ మెటల్‌కి బోల్టుతో బిగించాలి. ప్లస్ వైపు అంతా మార్చి పాత ఎర్త్‌ని అలాగే వదిలేస్తే సగం పని చేసినట్టే.

ఇంకొకటి. జపాన్ డిజైన్ల బళ్లు చాలావాటిలో హెడ్‌లైట్ స్విచ్చి ప్లస్‌ని కాకుండా ఎర్త్‌ని కలుపుతుంది. కిట్ దానికి తగ్గది కాకపోతే లైట్లు వెలగవు, లేదా డిమ్‌కీ బ్రైట్‌కీ తికమక పడతాయి. టెస్ట్ ల్యాంపు ఉన్న ఎలక్ట్రీషియన్ రెండు నిమిషాల్లో తేలుస్తాడు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేయి తిరిగినవాళ్లుంటారు, దారి పక్క టైరు షాపులో చేయించొద్దు. వైర్లు ఇంజిన్ సైలెన్సర్ వైపు వేడి భాగాలకు, ఫ్యాన్‌కు దూరంగా, ఫ్లెక్సిబుల్ పైపులో పోవాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టే జాయింట్లు ఒప్పుకోకండి.

కొత్త బళ్లకు ఈ సలహా వర్తించదు. వాటిలో లైట్లను కంప్యూటర్ మాడ్యూలు నడుపుతుంది, ఎంత కరెంటు పోతోందో అదే చూస్తుంటుంది. ఎక్కువ వాట్ల బల్బు పెడితే లైటు ఆపేయవచ్చు, మాడ్యూలే పోవచ్చు. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. వారంటీ ఉన్న బండిలో వైరు కత్తిరించనే కత్తిరించొద్దు.

వైరింగ్ ఎంత బాగున్నా హెడ్‌లైట్ డూమ్ (బల్బు కూర్చునే రిఫ్లెక్టరు, ముందు గ్లాసు కలిసిన డబ్బా) సంగతి మిగిలే ఉంటుంది. ఇప్పటి రిఫ్లెక్టర్లు ప్లాస్టిక్ మీద వేసిన అల్యూమినియం పూత. 100 వాట్ల వేడికి ఆ పూత బల్బు పైభాగాన మసకబారి పొరలు లేస్తుంది, ముందున్న పాలీకార్బొనేట్ గ్లాసు లోపలి నుంచే పసుపెక్కుతుంది. పూత పోయిన డూముకు ఏ బల్బూ వెలుగు తేలేదు. మీ లైటు ఇప్పటికే తక్కువగా ఉంటే ఒకసారి గ్లాసు చూడండి. బయటి పసుపుదనం పాలిష్‌తో పోతుంది, చాలాసార్లు అసలు రోగం అదే.

ఎదురొచ్చేవాళ్ల కళ్లు కూడా మన బాధ్యతే. పెద్ద ఫిలమెంటు ఫోకస్ చెదరగొడుతుంది, డిమ్ గీత (డిమ్ వెలుగు పైన ఆగిపోయే అంచు) పలచబడి వెలుగు పైకి చిమ్ముతుంది. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 106వ నియమం చెప్పేదేమిటంటే, లైటుకు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కంపెనీ లెక్కలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. మంటలు లేచాక బీమా సర్వేయరు మొదట వెతికేది కూడా ఇలాంటి మార్పులనే. సంక్రాంతి ప్రయాణంలో వెనక సీటు, డిక్కీ నిండితే బండి ముక్కు లేస్తుంది. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న లెవలింగ్ నాబ్ ఉంటే, బరువుకు తగ్గట్టు తిప్పి లైటు కిందికి దించండి. లేనివాళ్లు బరువుతోనే గోడకు 10 మీటర్ల దూరంలో ఆపి, డిమ్ గీత హెడ్‌లైట్ ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండేలా సెట్ చేయించుకోండి.

మంచులో మాత్రం వాట్లు పెంచితే నష్టమే. బ్రైట్ వేస్తే నీటి తుంపరల మీద వెలుగు తిరిగి మన కళ్లలోనే పడి ముందు తెల్లగోడ లేస్తుంది. డిమ్, కింద ఉండే ఫాగ్ ల్యాంపులు, తక్కువ వేగం తప్ప వేరే మందు లేదు. ఏమీ కనపడనప్పుడు ధాబా దగ్గర ఆగిపోవడం మేలు.

బల్బు మార్చేటప్పుడు లైట్లు ఆపి చల్లారనివ్వండి, గాజును వేలితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి పగులుతుంది. పొరపాటున తాకితే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి.

ఏ పని చేయించినా ఇంటికి రాగానే పరీక్ష చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పదిహేను నిమిషాలు బ్రైట్ వేసి, ఆపేసి, వెంటనే కప్లరు వెనక వైర్లు, రిలే, ఫ్యూజు బాక్సు, స్టీరింగ్ కవరు ఒక్కొక్కటీ చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడి ఉంటే, వాసన వస్తే, ఆ బండి రాత్రి ప్రయాణానికి సిద్ధంగా లేనట్టే. పాత బల్బులకు తిరిగి వెళ్లండి.

దారిలో కాలిన వాసన వస్తే, లైట్లు ఒక్కసారి మినుకుమన్నా సరే, హజార్డ్ వేసి ఎడమ పక్కకు తీసి ఆపండి. హెడ్‌లైట్లు, తర్వాత ఇంజిన్ ఆపి అందరినీ దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. పొగ కనిపిస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది. జాతీయ రహదారి మీదైతే 1033కి, మంట ఉంటే 101కి ఫోన్ చేయండి. డాష్‌బోర్డు అరలో ఒక 60/55 బల్బు, సరైన రంగు ఫ్యూజులు రెండు, ఒక టార్చి ఇప్పుడే పెట్టుకోండి.