ఎమ్మెల్యే గారి కారు ఆపాలనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

నాయకుల పర్యటన ఉందంటే శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం కోట జంక్షన్ దగ్గరైనా ప్లకార్డులు లేవడం మామూలే. లేవాలి కూడా. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లాలోనే 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నవాళ్ల ప్రాణాలు పోలీసు కాల్పుల్లో పోయాయి. అలాంటి జిల్లాలో నోరు మూసుకోమని ఎవరూ అనకూడదు. 2013 అక్టోబరులో విజయనగరంలో జరిగింది కూడా గుర్తుంది కదా. సమైక్యాంధ్ర ఆందోళన ఆస్తుల మీద దాడుల దాకా వెళ్లి, ఊరంతా కర్ఫ్యూలో పడింది. కర్ఫ్యూ అంటే రోజు కూలీకి పస్తే.

ముందు రోజే పోలీస్ స్టేషన్‌లో చోటు, సమయం, బాధ్యుల పేర్లు రాసిచ్చి రసీదు తీసుకోండి. సభలకు, ఊరేగింపులకు ముందే అనుమతి తీసుకోవాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 గానీ, జనం గుమిగూడకుండా ఆపే పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (కొత్త నేర ప్రక్రియ చట్టం) సెక్షన్ 163 గానీ అమల్లో ఉందేమో అడగండి. కుదరదంటే ఆ మాట కాగితం మీద ఇమ్మనండి.

అసలు ప్రమాదమంతా కారు చుట్టూనే. వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లు బానెట్ మీద పడతారు. ఎవరో అద్దం మీద దబదబా కొడతారు. డ్రైవర్ టెన్షన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే టైరు కింద నలిగేది మన కుర్రాడి కాలే. అందుకే కారు ముందు ఎవరూ నిలబడొద్దు. రోడ్డు పక్కన తాడు పట్టుకుని, దాని వెనకే ఉండండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు వరుసలో పెట్టకండి. జెండాలకు లావుపాటి కర్రలు వద్దు. గుడ్లు, చెప్పులు, ఇంకు సీసాలు ఎవరి చేతిలో కనిపించినా అక్కడే తీసేసుకోండి. గుంపులోంచి ఒక్క రాయి పడితే మర్నాడు పేపర్లో మీ తాగునీటి సమస్య ఉండదు, ఆ రాయే ఉంటుంది.

దిష్టిబొమ్మ తగలబెట్టడం మానేస్తేనే మేలు. మంట మీద సీసాతో పెట్రోల్ పోస్తే, ఆ ధార వెంటే మంట చేతిదాకా వస్తుంది.

నాయకుడి ఇంటి మీదకు మాత్రం వెళ్లకండి. ఆ ఇంట్లో ఓటు అడగని పిల్లలు, తల్లిదండ్రులు ఉంటారు. ఆఫీసు ఉంది, గ్రామసభ ఉంది, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.

ఎమ్మెల్యే గారూ, మీకూ ఒక మాట. అద్దం దించకుండా వెళ్లిపోతే కోపం రెట్టింపవుతుంది. ఐదు నిమిషాలు దిగి, వినతిపత్రం మీ చేత్తో తీసుకోండి. ముందు రోజు రాత్రే జనాన్ని గృహనిర్బంధం చేయించకండి.

ఒకవేళ అరెస్టు చేస్తే ప్రతిఘటించవద్దు. కారణం అడగండి, ఇంటికి కబురు పెట్టించండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. వకీలు నంబరు ఫోన్‌లోనే కాకుండా చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి.